చెస్టర్ లేని లింకిన్ పార్క్: మారింది శబ్దమా, గొంతా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివినాను. బైరాగిపట్టెడలో నలుగురు కలిసి రూములో ఉంటున్నారు. అమెరికా రాక్ బ్యాండు లింకిన్ పార్క్ ఆల్బమ్ ‘ఫ్రమ్ జీరో’ మీద మీలో మీకు పడటం లేదు. ఒకడు ఇది లింకిన్ పార్కే కాదు, పేరు తగిలించుకున్న కవర్ బ్యాండ్ అంటాడు. ఇంకొకడు వాళ్ళ రెండో ఆల్బమ్ ‘మీటియోరా’ తర్వాత ఇంత మంచి ఆల్బమ్ రాలేదంటాడు. నీకేమో పాటలు బాగానే అనిపిస్తాయి, కానీ వింటూ ఉంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. ఇది చాలదన్నట్టు మీ కాలేజీ బ్యాండులో పాడేవాడు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్ళిపోయినాడు. జూనియర్ అమ్మాయి పాడతానంటోంది. లింకిన్ పార్క్‌లో పాడి 2017లో చనిపోయిన చెస్టర్ పాటలు ఆ అమ్మాయి చేత పాడించొచ్చా అని అడిగినావు.

నేను తిరుపతిలో ఇరవై ఏళ్ళుగా గిటార్ నేర్పిస్తున్నాను, పక్కనే చిన్న రికార్డింగ్ రూము ఉంది. పగలు భజన బృందాల పాటలు రికార్డు చేస్తాను, సాయంత్రం పిల్లలకు పవర్ కార్డ్స్ (రెండు మూడు స్వరాలు కలిపి మోగించే పట్టులు) చెప్తాను. లింకిన్ పార్క్‌ని మొదటి ఆల్బమ్ నుంచీ వింటున్నాను. ముందు నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. ఈ ఆల్బమ్‌లో శబ్దం మారిందని మీవాళ్ళు కొట్లాడుకుంటున్నారు గానీ, మారింది శబ్దం కాదు. వాళ్ళు చేసిన ఎనిమిది ఆల్బమ్‌లలో మొదటి రెండింటికి బాగా దగ్గరగా ఉన్నది ఇదే. మారింది గొంతు, చెస్టర్ చోట ఇప్పుడు ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడుతోంది. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే మీ రూములో గొడవ తెగడం లేదు.

శబ్దం సంగతి మొదటినుంచి చెప్పాలి. ‘హైబ్రిడ్ థియరీ’ 2000 అక్టోబర్‌లో వచ్చింది. నా చేతికి వచ్చేసరికి ఏడాది దాటింది. మా క్లాసువాడొకడు సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నైకి పోయి బర్మా బజార్‌లో కొనుక్కొచ్చిన సీడీ అది. హాస్టల్ మొత్తానికి ఒక కంప్యూటర్, ఒక జత స్పీకర్లు. నలభై నిమిషాలు కూడా లేదు ఆల్బమ్. అయిపోయినాక ఎవరూ లేవలేదు, మళ్ళీ మొదటినుంచి పెట్టినాం. అప్పటిదాకా రాక్ అంటే మాకు తెలిసింది పొడుగు జుట్టు, పొడుగు గిటార్ సోలో. ఇందులో సోలోలు లేవు. బ్రాడ్ డెల్సన్ గిటార్‌లో లావు తీగను కిందికి దించి శ్రుతి చేస్తాడు, డ్రాప్ ట్యూనింగ్ అంటారు. ఒక్క వేలు అడ్డంగా పెడితే కార్డ్ పలుకుతుంది. అదే భాగాన్ని మళ్ళీ మళ్ళీ వాయించి పొరమీద పొర పేరుస్తారు. పాట నడకలో గిటార్‌ని దాదాపు ఆపేస్తారు, బీటు, జో హాన్ టర్న్‌టేబుల్ గీకుడు (రికార్డుని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పే శబ్దం), మైక్ షినోడా ర్యాప్ మాత్రమే ఉంటాయి. కోరస్ రాగానే గిటార్లన్నీ ఒక్కసారిగా మీద పడతాయి, వాటిపైన చెస్టర్ బెన్నింగ్టన్ గొంతు లేస్తుంది. సౌండు ఎంత పెద్దదన్నది కాదు, దాని ముందు ఎంత ఖాళీ ఉంచినారన్నది అక్కడ పనితనం. ఈ సంగతి నాకు రికార్డింగ్ రూము పెట్టినాకే తెలిసింది. కోలాటం పాటకు కూడా నేను ఇదే చేస్తాను, తప్పెట కొట్టే ముందు అన్నీ తగ్గిస్తాను.

2003లో ‘మీటియోరా’ అదే దారిలో వచ్చింది. అక్కడితో ఆ దారి మూసేసినారు. 2007లో ప్రొడ్యూసర్ రిక్ రూబిన్‌తో కలిసి చేసిన ‘మినిట్స్ టు మిడ్‌నైట్’లో మైక్ ర్యాప్ చేసింది రెండు పాటల్లోనే. అప్పుడే నా దగ్గర క్లాసు మొదలైన రోజులు. పిల్లలు నోరు తెరిచి ఏడవలేదంతే. ‘గివెన్ అప్’లో చెస్టర్ పదిహేడు సెకన్లు ఏకబిగిన అరుస్తాడు, అది ఒక్కటే వాళ్ళకు పండగ. మిగతా ఆల్బమ్ మెత్తబడిపోయిందన్నారు. ఈరోజు అదే ఆల్బమ్‌ని క్లాసిక్ అంటారు, అన్నవాళ్ళలో ఆ పిల్లలూ ఉన్నారు.

2010లో ‘ఎ థౌజండ్ సన్స్’ వచ్చినప్పుడు జరిగింది ఇంతకన్నా పెద్ద గొడవ. గిటార్ ఎక్కడా అని వెతుక్కోవాల్సి వచ్చింది. అంతా సింథసైజర్లు, డ్రమ్ మెషీన్లు, మధ్యలో పాత ఉపన్యాసాల ముక్కలు, ఒక పాటలో మార్టిన్ లూథర్ కింగ్ గొంతు, ఒక పాటలో విద్యార్థి ఉద్యమ నాయకుడు మారియో సావియో గొంతు. ‘ఎ థౌజండ్ సన్స్’ అనే పేరు ఎక్కడిదో తెలుసా? మన భగవద్గీత పదకొండో అధ్యాయంలోది, ‘దివి సూర్యసహస్రస్య’. ఆకాశంలో వెయ్యి సూర్యులు ఒక్కసారిగా ఉదయిస్తే ఉండే వెలుగు. అణుబాంబు తయారుచేసిన ఓపెన్‌హైమర్ ఆ అధ్యాయాన్నే తలుచుకున్నాడు. 1945 జూలైలో జరిగిన మొదటి పరీక్ష గురించి ఆయన ఇరవై ఏళ్ళ తర్వాత టీవీలో మాట్లాడిన ముక్క ఆ ఆల్బమ్‌లో ఆయన గొంతుతోనే వినిపిస్తుంది. గీతలో ‘కాలోఽస్మి’ (నేను కాలాన్ని) అన్నచోట కాలాన్ని ఆయన మృత్యువు అన్నాడు. మా నాయన రోజూ గీత పారాయణం చేసేవాడు. ఒకరోజు నేను ఆ ముక్క పెట్టుకుని ఉంటే గుమ్మంలో నిలబడి ‘ఇది మన శ్లోకం కదరా’ అన్నాడు. ఇంగ్లీషు పూర్తిగా అర్థం కాకపోయినా ఆ ముసలాయన మాట్లాడే తీరు చూసి పోల్చుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని ఆల్బమ్ చివరిదాకా విన్నాం. ఏమీ అనకుండా లేచిపోయినాడు. నాకైతే ఆ బ్యాండ్ చేసినవాటిలో ఇదే గొప్పది. ఆ మాట అన్నందుకు అప్పట్లో నాతో మాట్లాడటం మానేసిన ఫ్రెండు కూడా ఉన్నాడు.

‘లివింగ్ థింగ్స్’ 2012లో మధ్యే మార్గంగా వచ్చింది, దాని గురించి చెప్పేది పెద్దగా లేదు. 2014లో ‘ది హంటింగ్ పార్టీ’లో మళ్ళీ గిటార్లు, ఈసారి సోలోలతో సహా. గిటారిస్టులు టామ్ మొరెల్లో, సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్ బ్యాండు దారన్ మలాకియన్ లాంటివాళ్ళని పిలిపించి వాయించినారు. గట్టిగా కావాలని ఏడేళ్ళు అడిగినవాళ్ళు అది వచ్చినాక పాతవాటిలా లేదన్నారు.

ఇక 2017 సంగతి. ఇది నాకు రాయడం కష్టం. ఫిబ్రవరిలో ‘హెవీ’ అనే పాట వచ్చింది, పేరే హెవీ, పాట పూర్తిగా పాప్. మేలో ‘వన్ మోర్ లైట్’ ఆల్బమ్ వచ్చింది. నా క్లాసులో ఒక అబ్బాయికి అది ప్రాణంగా నచ్చింది. అందరి ముందర వాడితో ‘ఇది పాటా, సబ్బు ప్రకటనా’ అన్నాను. వాడు ఇంకేమీ మాట్లాడలేదు. అప్పుడు ప్రపంచమంతా ఇలాగే అంటోంది, కచేరీల్లో జనం చెస్టర్ మీదికి వస్తువులు విసిరినారు కూడా. జూలై 20న చెస్టర్ చనిపోయినాడు. మనకు వార్త తెలిసేసరికి రాత్రి పొద్దుపోయింది. మర్నాడు సాయంత్రం క్లాసుకు ఆ అబ్బాయి ఒక్కడే వచ్చినాడు. గిటార్ బ్యాగు జిప్పు తియ్యలేదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ఆల్బమ్ పేరుతోనే ఉన్న పాట పెట్టమన్నాడు. పెట్టినాను. రెండు నెలల ముందు నేను పక్కన పడేసిన పాట అది. గిటార్ సన్నగా, గొంతు దగ్గరగా, పోయిన మనిషి కోసం పాడిన పాట. అందులో ఒక్క స్వరం కూడా మారలేదు. నేను వినే చోటు మారింది. ఆ అబ్బాయికి ఆరోజే క్షమాపణ చెప్పినాను, ఇప్పటికీ చాలలేదనిపిస్తుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ‘అసలైన లింకిన్ పార్క్ శబ్దం’ అని మీవాడు అంటున్నది రెండు ఆల్బమ్‌లది. అంటే మొదటి మూడేళ్ళది. తర్వాతి పద్నాలుగేళ్ళు చెస్టర్ స్వయంగా ఆ శబ్దంలోంచి బయటపడటానికి పాటుపడినాడు. ‘హైబ్రిడ్ థియరీ’ దగ్గరే ఆగిపోయినవాళ్ళని ముందుకు రమ్మని 2017లో గట్టిగానే అడిగినాడు. చెస్టర్ పేరు చెప్పి పాత శబ్దం కావాలనడం ఆయన కోరుకున్నదానికి ఎదురు.

ఇది ఒక్క లింకిన్ పార్క్ కథా కాదు. 2011 అక్టోబర్ 30న మెటల్ బ్యాండు మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించింది. చిత్తూరు నుంచి తెల్లవారుజాము బస్సులో పోయినాం ఆరుగురం. 1986 నాటి పాటలకు నా పక్కన ఒకాయన ఏడ్చేసినాడు, నలభై దాటిన మనిషి. ఆ మరుసటి రోజే గాయకుడు లూ రీడ్‌తో కలిసి వాళ్ళు చేసిన ‘లులు’ ఆల్బమ్ విడుదలైంది. తిరిగొచ్చే దారిలో ఇంత ప్రేమ చూపినవాళ్ళే వారం తిరక్కుండా దాన్ని తిట్టని తిట్టు లేదు. అంతకు ముందు 1996లో ‘లోడ్’ వచ్చినప్పుడు వాళ్ళు జుట్టు కత్తిరించుకున్నందుకు కూడా తిట్టినారు.

సరే, ‘ఫ్రమ్ జీరో’. 2024 నవంబర్ 15న వచ్చింది. బ్యాండు మొట్టమొదటి పేరు ‘జీరో’, ఆ పేరే ఇక్కడ రెండర్థాలతో వాడినారు. డ్రమ్మర్ రాబ్ బోర్డన్ లేడు, ఆ చోటికి కాలిన్ బ్రిటన్ వచ్చినాడు. డెడ్ సారా అనే బ్యాండులో పాడే ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇప్పుడు మైక్ షినోడా పక్కన పాడుతోంది. ఆమె చుట్టూ ఉన్న వ్యక్తిగత వివాదాల జోలికి నేను పోను, నువ్వడిగింది పాట గురించి. ‘టూ ఫేస్డ్’ విను. దించిన తీగ, మధ్యలో టర్న్‌టేబుల్ గీకుడు, మైక్ ర్యాప్, కోరస్‌లో గోడ. 2003లో రికార్డు చేసి దాచిపెట్టినారంటే నమ్మొచ్చు. ‘హెవీ ఈజ్ ద క్రౌన్’ కూడా అంతే. నా ఫిర్యాదు మీవాడి ఫిర్యాదుకు సరిగ్గా ఎదురు: ఇది మరీ ఎక్కువ మారిపోయిందని కాదు, చాలినంత మారలేదని. ఏడేళ్ళ తర్వాత కొత్త గొంతుతో వచ్చేటప్పుడు జనం వెళ్ళిపోతారేమోనన్న భయంతో పాత ఇంటి గోడలకే సున్నం వేసినట్టుంది కొన్నిచోట్ల. ముప్పై రెండు నిమిషాలే, పాట రుచి తెలిసేలోపు అయిపోతుంది. మిక్సింగ్‌లో కూడా అన్నిటినీ ఒకే ఎత్తుకు తెచ్చి నొక్కేసినారు, ఇందాక చెప్పిన ఆ ఖాళీ తక్కువ. నా స్పీకర్లలో నాలుగో పాటకే చెవి అలిసింది.

అయినా అందులో బతికున్న చోట్లు ఉన్నాయి. అవన్నీ ఎమిలీని ఎమిలీలా వదిలేసిన చోట్లు. ‘ఓవర్ ఈచ్ అదర్’లో మైక్ దాదాపు తప్పుకుని ఆమెకు వదిలేసినాడు. ‘క్యాజువాల్టీ’లో ఆమె పంక్ పాడేదానిలా మీదపడుతుంది. చివర్లో ‘గుడ్ థింగ్స్ గో’ ఉంది, ఆల్బమ్ మొత్తంలో నేను రోజూ వింటున్నది అదొక్కటే. ‘ది ఎంప్టీనెస్ మెషీన్’ కట్టిన తీరు కూడా చూడు. మొదట మైక్ ఒక్కడే పాడతాడు. మొదటి కోరస్ అయిపోయేదాకా ఆమె రాదు. తెలిసిన గొంతుతో తలుపు తీసి, ఇంటి మనిషే చెయ్యిపట్టుకుని కొత్త మనిషిని లోపలికి తీసుకొచ్చినట్టు ఉంటుంది. మొదటి పాటగా దాన్ని విడుదల చెయ్యడంలో చాలా ఆలోచన ఉంది.

గొంతు గురించి మీవాళ్ళు పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. మన కచేరీల్లో మగవాళ్ళు మామూలుగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడతారు, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నరలో. చెస్టర్‌ది మగవాళ్ళలో బాగా పై స్థాయి గొంతు. కోరస్‌లో ఆయన ఎక్కే స్వరాలు ఆయనకు కొండ అంచు, ఆడగొంతుకు మాత్రం నడిమి మెట్లు. అందుకే ఎమిలీ పాత పాటలు పాడితే శ్రుతిలో కుదురుతున్నాయి, కానీ ఒకటి తేడా కొడుతుంది. చెస్టర్ ఆ స్వరం అందుకునేటప్పుడు గొంతు తెగుతుందేమో అనిపిస్తుంది, మనకు గుండె పట్టేసేది అక్కడే. ఆమెకు ఆ స్వరం సులువుగా వస్తుంది కాబట్టి ఆ ప్రమాదం వినిపించదు. దాన్ని ఆమె గరుకుతనంతో పూడుస్తుంది. ఇది ఆమె తక్కువతనమని నేననను, గొంతు కట్టుబడే వేరు. మీవాడు ‘ఫీల్ లేదు’ అంటున్నది ఇదేనని నా అనుమానం. వాడి చెవి తప్పు కాదు, దానికి వాడు పెట్టిన పేరు తప్పు.

మన ఊళ్ళో ఉన్నవాడివి కాబట్టి ఇంకొకటి కూడా చెప్తా. అన్నమయ్య పదాలు రాగిరేకుల మీద దొరికినాయి. పదం పైన రాగం పేరు ఉంది, స్వరం లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు, ఇంకా ఎంతోమంది వాటికి స్వరాలు కట్టినారు. ఒకే పదం రెండు మూడు వరసల్లో ఉంది. నా రూములో రికార్డింగ్‌కి వచ్చిన ఒక బృందంలో ఇద్దరు పెద్దమ్మలు ఒక పదం వరస మీద గంటసేపు వాదించుకున్నారు, చిన్నప్పటి నుంచి విన్న వరసే అసలుదని ఇద్దరికీ నమ్మకం. చివరికి రెండూ రికార్డు చేసి పంపినాను. పూర్ణకుంభం సర్కిల్‌లో ఎమ్మెస్ విగ్రహం దాటినప్పుడల్లా అది గుర్తొస్తుంది, ఆమె పాడిన వరసే అసలు వరస అనుకునే ఇళ్ళు మన ఊళ్ళో ఎన్నో. కానీ ఈ పోలిక ఒకచోట తెగిపోతుంది. అన్నమయ్య గొంతు మనలో ఎవరూ వినలేదు. చెస్టర్ గొంతు నీ ఫోనులో ఉంది. నువ్వు ఎమిలీ పాట వింటున్నప్పుడు ఆయన గొంతు కూడా లోపల మోగుతూనే ఉంటుంది. తప్పు చేస్తున్నట్టుందన్నావే, అది అదే. పోయిన మనిషి కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే ఇంట్లోవాళ్ళకు ఉండే ఇబ్బంది. దానికి ఆల్బమ్ మంచిచెడులతో సంబంధం లేదు. మీ రూమ్మేటుకి కూడా ఇది చెప్పు. ‘నాకు ఆయన లేడని బాధగా ఉంది’ అనమను, ఎవరూ కాదనరు. ‘ఆల్బమ్ చెత్త’ అంటే మాత్రం ఏ పాట, ఎక్కడ, ఎందుకని అడుగు.

వినేటప్పుడు ఒక పని చెయ్యి. పాతదాని పక్కన పెట్టి వినొద్దు. ముందు డెడ్ సారా పాటలు నాలుగు విను, ఆమె ఎవరో తెలుస్తుంది. తర్వాత ‘ఫ్రమ్ జీరో’ ఇయర్‌ఫోన్స్‌లో కాకుండా స్పీకర్లో, మధ్యస్థం సౌండులో పెట్టు.

మీ జూనియర్ అమ్మాయి సంగతి. పాడించు, సందేహమే వద్దు. ‘నంబ్’ పెట్టుకోండి, అందులో స్క్రీమ్ తక్కువ, రాగం ఎక్కువ, జనానికి నోటికి వచ్చిన పాట. దానితో పాటు ‘ఓవర్ ఈచ్ అదర్’. ‘గివెన్ అప్’ జోలికి పోవద్దు. శ్రుతి ఆ అమ్మాయిని అడిగి పెట్టండి, రికార్డులో ఉన్నదే ఉండాలని పట్టుపట్టొద్దు. గిటార్ తీగలు సగం మెట్టు పైకో కిందికో చెయ్యడానికి మీకు రెండు నిమిషాలు చాలు, గొంతు అలా తిప్పలేం. స్క్రీమ్ అంటే గొంతు చించుకోవడం కాదు, అసలు స్వరతంత్రుల మీద బరువు పడకుండా వాటిపైనున్న మడతల్ని ఊపిరితో కంపింపజేసే విద్య అది. తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకోకుండా చెయ్యొద్దని చెప్పు. రోజుకు పావుగంటకు మించొద్దు, మంట పుడితే ఆరోజుకి ఆపెయ్యాలి, గోరువెచ్చటి నీళ్ళు దగ్గర ఉండాలి.

స్టేజీ మీద ఇంకో రెండు. మైకు తలకాయని అరచేత్తో మూయకూడదు, కూత వస్తుంది, మాట కూడా ముద్దయిపోతుంది. ఆమెకు ఎదురుగా మానిటర్ స్పీకర్ తప్పకుండా పెట్టండి, గిటార్లు దాంట్లో వద్దు, ఆమె గొంతు, డ్రమ్స్ చాలు. తన గొంతు తనకు వినపడకపోతే ఎంత బాగా పాడేవాళ్ళైనా అరిచేస్తారు, రెండో పాటకే గొంతు పోతుంది. కాలేజీ సౌండువాళ్ళ దగ్గర మానిటర్లు ఉండవు మామూలుగా. నా దగ్గర రెండు ఉన్నాయి. తేదీ ఖాయం కాగానే చెప్పు, రిహార్సల్‌కి నాలుగు రోజుల ముందే వచ్చి ఆటోలో వేసుకుపోండి.